దీవి పొద్దు

నవంబరు 2

ఈ పుస్తకం ముందువైపు స్టేషన్ లాగ్. అందులో ఈ రోజు "5.29, పవర్ తగ్గించడమైనది" అని రాసి సంతకం పెట్టాను. అబద్ధం. తగ్గించింది 5.51కి. ఆ అబద్ధం రాసిన చేత్తోనే పుస్తకం తిరగేసి, వెనక అట్ట వైపు నుంచి ఇది మొదలుపెట్టాను. ఎవరి కోసమో తెలియదు. నిజం ఒక్కచోటైనా ఉండాలనిపించింది.

మైకు పక్కన గోడకు ఒక పట్టిక అతికించి ఉంది. దాని పేరు 'దీవి పొద్దు'. సముద్రం ఒడ్డున ఉన్న హంసలదీవిలో ఏ రోజు ఎన్నింటికి సూర్యుడు అస్తమిస్తాడో అందులో ఉంటుంది, ఈ నెలంతా దాదాపు 5.29కే. మా గుత్తి కొండ మీద పొద్దుతో దానికి పని లేదు. వాళ్ళకు మాకంటే పద్నాలుగు నిమిషాలు ముందు చీకటి పడుతుంది. అక్కడా ఒక స్టేషన్ ఉంది, రెండు స్టేషన్లదీ ఒకటే ఫ్రీక్వెన్సీ, పదకొండు నలభై మూడు. ఫోన్లన్నీ ఒక్కసారిగా చచ్చిపోయిన మూగ సంవత్సరంలో ఊరూరా పంచిన రేడియో డబ్బాలకు సౌండు మీట తప్ప స్టేషన్ మార్చే మీట లేదు. పగలు ఏ గొడవా లేదు, మా మాట కర్నూలు దాటదు. పొద్దు గుంకితే మాత్రం ఆకాశం దాన్ని ఎత్తుకుపోయి సముద్రం మీద పడేస్తుంది. అందుకని దీవి పొద్దు కాగానే మేము ఐదు వందల వాట్ల నుంచి నలభైకి దిగాలి. ఆపైన ఆ గీత వాళ్ళది, ఫ్రీక్వెన్సీని మేము గీత అంటాం. చేపల ఏటకు పోయిన పడవలకు ఆ పూట ఏ పాయలోంచి లోపలికి రావాలో తులశమ్మ అనే ఆవిడ అప్పుడు చెబుతుంది.

మరి ఎందుకు దిగలేదంటే, తొందర తిప్పన్న బావిలో పడి ఉన్నాడు. తిప్పన్న నేను కల్పించి చెప్పే సాయంత్రం కథల్లో కథానాయకుడు. చెప్పు తొడుక్కునే ఓపిక లేక ఎవరి పెళ్ళికో ఒంటికాలి చెప్పుతో పోయిన మనిషి. వాణ్ణి పైకి లాగకుండా నలభైకి దిగితే కొండ కింద నాలుగు వీధులకు తప్ప ఎవరికీ వినపడదు. కిటికీలోంచి చూస్తే కోట గోడ మీద ఇంకా ఎండ ఉంది. ఎండ ఉందిగా అనుకున్నాను. అక్టోబరులో మూడు నిమిషాలతో మొదలైనప్పుడు కూడా ఇలాగే అనుకున్నాను.

నవంబరు 5

పొద్దున్నే టవర్ చుట్టూ నీళ్ళు పోశాం. భూమిలో పాతిన రాగి తీగలు తడిగా ఉంటేనే మాట దూరం పోతుంది. మా నేలేమో ఎప్పుడూ పగిలి ఉంటుంది. రోజుకు నలభై బిందెలు. సగం నావి, సగం మాబున్నక్కవి. మాబున్నక్క ఇక్కడి ట్రాన్స్‌మిటర్‌కు తల్లీ తండ్రీ. అరవై దాటింది, మోకాళ్ళు నొప్పి, అయినా ఒక్క బిందె తగ్గించదు. నేను మాట్లాడతాను, ఆమె మాట్లాడించే మిషన్‌ను చూసుకుంటుంది. ఈ మధ్య మోకాళ్ళ నొప్పికి పొద్దుండగానే కొండ దిగిపోతోంది, సాయంత్రం పవర్ దించే మీట నా చేతిలోనే. స్టేషన్‌లో ఉన్నది మేమిద్దరమే.

తపాలా సైకిలు వచ్చింది. నాకొక ఉత్తరం, తొమ్మిది రోజుల కిందట రాసింది.

"అయ్యా మద్దిలేటిగారూ, నా పేరు గంగాధరమండి. మాది హంసలదీవి. సాయంత్రం ఏట నుంచి వొచ్చేటప్పుడు పడవలో డబ్బా పెట్టుకుంటాం. ఈమజ్జన తిప్పన్న కత బాగా వినపడతంది. మావోళ్ళు తెడ్లాపి మరీ ఇంటన్నారు. మీ గొంతు సముద్రం దాకా వొచ్చిందండి."

పన్నెండేళ్ళ కిందట, ఉద్యోగంలో చేరిన రోజున మాబున్నక్క నాకు చెప్పిన మొదటి మాట ఇది: "దూరం నుంచి జాబు వచ్చిందంటే మెప్పు అనుకోవాకప్పా. అది ఫిర్యాదు. మనం అవతలోళ్ళ ఇంట్లో దూరినామని అర్థం. వచ్చిన జాబు వచ్చినట్ల నాకు చూపియ్యాల."

ఉత్తరం మడిచి చొక్కా లోపల పెట్టుకున్నాను. సాయంత్రంలోగా నాలుగుసార్లు చదివాను. కరువు సీమలో పుట్టి సముద్రం ఎప్పుడూ చూడని వాణ్ణి. నా మాట చూసింది. మునగచెట్టు ఎక్కించడానికి నాకు వేరే ఎవరూ అక్కర్లేదు, నిచ్చెన నేనే తెచ్చుకుంటాను.

ముందువైపు: 5.29. నిజం: 6.02.

నవంబరు 7

"సముద్రం మీద మన మిత్రుడు గంగాధరానికి, ఆయన పడవలోని వారికి నమస్కారం" అని మైకులో చెప్పాను. అప్పటికి ఆరు దాటింది. నమస్కారం వాళ్ళకు అందాలంటే పవర్ దించకూడదు కదా.

నిజం: 6.10.

నవంబరు 8

బ్యాటరీలు నిండడం లేదని మాబున్నక్క కనిపెట్టింది. ఐదు వందల వాట్లు ముప్పావుగంట ఎక్కువ తాగితే ఎలా నిండుతాయి? "ఏమి మద్దిలేటీ, సాయంకాలం ఏమన్నా తేడా కనపడుతాందా నీకు?" అని అడిగింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆమె మాట పూర్తి కాకముందే నేను, "పలకల మీద దుమ్ము పడిందేమో అక్కా" అన్నాను.

ఆమె నిచ్చెన వేసుకుని సౌర పలకలన్నీ తుడిచింది. తాగడానికి తెచ్చుకున్న నీళ్ళతో కడిగింది. మధ్యాహ్నం మళ్ళీ ఒకసారి కడిగింది. మోకాలు పట్టుకుని దిగుతూ, "ఇంగ నిండుతాయిలే" అంది. నేను కింద నిచ్చెన పట్టుకుని నిలబడ్డాను. నాకు అన్నం సయించలేదు. సాయంత్రం మైకు ముందు కూర్చోగానే మాత్రం గొంతు బాగానే లేచింది. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఉంటాయో నాకు తెలియదు.

నిజం: 6.08.

నవంబరు 9

ఈ రోజంతా తూర్పుగాలి. టవర్ తీగలు రివ్వున మోగాయి. మాకు వాన చుక్క లేదు.

తిప్పన్న పెళ్ళి కథ ఈ రోజే. రెండు వారాలుగా ఊరించిన కథ. ముహూర్తానికి ముందే తాళి కట్టబోయి పురోహితుడి మెడలో కట్టేశాడు. నాకే నవ్వు ఆగలేదు. మనం పూర్తి పవర్‌లో మాట్లాడుతున్నంతసేపు మన దగ్గరి డబ్బాలో అవతలివాళ్ళు వినపడరు, మనమే వినపడతాం. ఆ సంగతి మాటవరసకు రాస్తున్నాను.

నిజం: 6.25. ఇప్పటిదాకా ఇదే ఎక్కువ.

నవంబరు 19

పది రోజులు ఇందులో ఏమీ రాయలేదు. బాగానే సాగింది, రాయడానికి ఏముంది అనుకున్నాను. తగ్గించే వేళ ఒక్కరోజు కూడా ఆరుకు ముందు లేదు.

ఈ రోజు వచ్చిన ఉత్తరాన్ని ఉన్నదున్నట్టు దించుతున్నాను.

"గుత్తి స్టేషన్‌వారికి హంసలదీవి స్టేషన్ నుంచి తులశమ్మ నమస్కరించి రాసేది. తొమ్మిదో తారీకున గాలికి ఇసక జరిగి పాత పాయ పూడిపోయిందండి. మిగతా పడవలు గాలికి భయపడి మధ్యాన్నమే వొచ్చేశాయి. ఒక్క పడవ మాత్రం లోపల ఉండిపోయింది. దక్షిణప్పాయలో రమ్మని అయిదున్నర కాడ్నించి చెబుతానే ఉన్నాను. ఆళ్ళు పాత పాయకే వొచ్చి మెరకెక్కి బోర్లాపడ్డారు. అయిదుగురిలో నలుగురు ఈదుకొచ్చారు. డబ్బాలో నా మాట రాలేదంట, ఈల వొచ్చిందంట, మధ్యమధ్య మీ కత వొచ్చిందంట. ఒక్కోరోజు ఆకాశం అట్టా చేస్తదని చెప్పాను. మీరు వేళకి తగ్గిస్తారని నాకు తెలుసు, మీ మీద మాట రానివ్వలేదు.

ఊళ్ళో అయితే నా మాట బాగానే వినపడిందండి. అందుకని మావోళ్ళు ఏమంటన్నారంటే, మిషను బలం తగ్గిపోయినా ఎవరికీ చెప్పకుండా కుర్చీ పట్టుకుని కూర్చున్నానంటన్నారు. ఇరవై రెండో తారీకు ఆదివారం సాయంత్రం సభ పెట్టారు. అప్పటిదాకా స్టేషన్ తాళం వేశారు. నన్ను తీసేసి ఇంక స్టేషనే వొద్దని, పడవకో దివిటీ పెట్టుకుందామని అనుకుంటన్నారు. దివిటీతో పాయ దొరకదండి. మా మిషను నిజంగానే నీరసించిందేమో నాకూ తెలవడం లేదు. మీ దగ్గర పెద్ద ఇంజనీరమ్మ ఉన్నారంట. బలం ఎట్టా చూసుకోవాలో ఆవిణ్ణి అడిగి రాయండి.

పోయినవాడు గంగాధరం. నాకు మరిది. వాడికి మీ తిప్పన్నంటే మహా ఇష్టం."

తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. అరవడానికి లేదు, ఏడవడానికి లేదు. నా చొక్కా లోపల ఇంకా ఆ గంగాధరం ఉత్తరం ఉంది. చెమటకు అక్షరాలు అలికినట్టయ్యాయి. ఆయన రాసింది ఫిర్యాదని నాకు తెలుసు. తెలిసే మెప్పుగా చదువుకున్నాను. తెడ్లాపి వింటున్నారని రాస్తే నాకు కనిపించింది నా గొప్ప. వాళ్ళు ఆ వేళకు వినవలసింది నన్ను కాదన్న సంగతి కనిపించలేదు.

తులశమ్మ నా మీద మాట రానివ్వలేదట. తిట్టి ఉంటే బతికిపోయేవాణ్ణి.

ఈ రోజు 5.29కి తగ్గించాను. ముందువైపు రాసిన అంకె నిజం కావడం నలభై రోజుల్లో ఇదే మొదలు.

నవంబరు 20

పొద్దున బిందెలు మోసేటప్పుడు మాబున్నక్కకు చెప్పాను. రెండు ఉత్తరాలూ ఇచ్చి, ఈ పుస్తకం వెనకవైపు తెరిచి చేతిలో పెట్టాను. బిందె కింద పెట్టి, కళ్ళజోడు పెట్టుకుని అంతా చదివింది. ఎనిమిదో తారీకు పేజీ మీద వేలు పెట్టింది.

"పలకలు కడిగిస్తివి కదప్పా నాతో" అంది.

తర్వాత, "ఆయమ్మకు ఎట్ల చెప్తావు?" అంది.

"ఉత్తరం రాస్తా."

"తొమ్మిది దినాలు పడుతుంది. ఎల్లుండే సభ."

"పొద్దున వార్తల్లో చెప్తా."

"పగటి మాట కర్నూలు దాటదు. దీవికి యాడ పోతుంది? దీవి పొద్దు గుంకినాక, ఐదు వందల వాట్లతో చెప్పాల. ఏ తప్పు చేసి ముంచినావో ఆ తప్పు చేసే చెప్పాల ఇంగ. వేరే దోవ లేదు."

సాయంత్రం 5.29కి తగ్గించి, మాటలూ పాటలూ ఆపి, డబ్బా దగ్గర కూర్చుని విన్నాం. తులశమ్మ గొంతు ఉండవలసిన చోట వట్టి గరగర. పావుగంట విన్నాం. పాయ చెప్పేవాళ్ళు లేనప్పుడు పడవలు దిగవు కాబట్టి ఈ పూట మేము అడ్డం పోవడానికి అవతల ఏమీ లేదు. దీవిలో డబ్బాలు మాత్రం మోగుతూనే ఉంటాయి. మూగ సంవత్సరం చూసినవాళ్ళెవరూ డబ్బా ఆపరు, అది ఎప్పుడు పలుకుతుందోనని.

మాబున్నక్క పవర్ పెంచి నాకు సైగ చేసింది. నేను మైకు దగ్గరకు జరిగి, "హంసలదీవి వారికి ఒక మనవి. గత కొద్ది రోజులుగా మా ట్రాన్స్‌మిటర్‌లో తలెత్తిన సాంకేతిక లోపం కారణంగా..." అన్నాను.

అలా అనాలని ముందు అనుకోలేదు. నోటికి అదే వచ్చింది. పన్నెండేళ్ళు గుత్తి ఊరంతా నా పేరు చెప్పుకుని నవ్వింది. కూరగాయల దగ్గర నాకు నాలుగు వంకాయలు ఎక్కువ వేస్తారు. వాళ్ళంతా వింటున్నారని గుర్తొచ్చింది.

మాబున్నక్క మెయిన్ స్విచ్ దించేసింది. గది చీకటైపోయింది.

"ఆ మిషన్ నా చేతిలో ఒక్కపూట తప్పు చేయలేదు" అంది. గొంతు పెంచలేదు. "పాపం ఆయమ్మ మిషన్‌కు ఒక నింద ఏసినారు. నువ్వు నా మిషన్‌కు ఇంగొకటి ఏస్తాండావు. మనుషులు బాగానే ఉండారు అందరూ."

కొంగుతో ముఖం తుడుచుకుని కొండ దిగి వెళ్ళిపోయింది. ఇంత సిగ్గు ఒంటరిగా కూడా పడవచ్చని నాకు ఈ రోజే తెలిసింది. ఎవరూ చూడడం లేదు, అయినా తల ఎత్తలేకపోయాను.

నవంబరు 21

మాబున్నక్క పొద్దున యథాప్రకారం వచ్చింది. తన ఇరవై బిందెలు తను పోసింది. సాయంత్రం 5.29కి నేను తగ్గించాను. పావుగంట విన్నాం. గరగర. ఆమె పవర్ పెంచి, గోడకు ఆనుకుని నిలబడింది.

ఈసారి సొంతమాట ఏదీ చెప్పదలచుకోలేదు. సొంతమాట నా చేతిలో ఉంటే దాన్ని ఎటు తిప్పుతానో నిన్న చూశాను. ఈ పుస్తకం తెరిచి చదివాను.

"నా పేరు మద్దిలేటి. గుత్తి స్టేషన్‌లో మాట్లాడేవాణ్ణి. నవంబరు రెండు, తగ్గించవలసింది అయిదూ ఇరవై తొమ్మిదికి, తగ్గించింది అయిదూ యాభై ఒకటికి. లాగ్‌లో అబద్ధం రాశాను. నవంబరు అయిదు, ఆరూ రెండుకు. అబద్ధం రాశాను." అలా ఒక్కొక్క రోజూ చదివాను. ఎనిమిదో తారీకు దగ్గర పలకల సంగతి కూడా చదివాను. "నవంబరు తొమ్మిది, ఆరూ ఇరవై అయిదుకు. దీవిలో పొద్దు గుంకాక యాభై ఆరు నిమిషాలు మీ పాయ కబురు మీద నేను కూర్చున్నాను. నా కథ బాగుందని కూర్చున్నాను. మీరు విన్న ఈల రెండు స్టేషన్లు ఒకదాని మీద ఒకటి పడితే వచ్చే ఈల. తులశమ్మగారి మిషన్‌కు బలం తగ్గలేదు. ఆమె వేళకు చెప్పారు. గంగాధరంగారు నా వల్ల పోయారు. నా గొంతు సముద్రం దాకా వస్తోందని ఆయన నాకు ముందే ఉత్తరం రాశారు. దాన్ని దాచుకున్నాను."

గొంతు రెండుచోట్ల ఆగింది. నటన కాదని ఎవరికైనా తెలుస్తుందో లేదో. అదే గొంతుతో తిప్పన్నను కూడా ఏడిపించాను కదా.

మొత్తం మళ్ళీ మొదటి నుంచి చదవమని మాబున్నక్క వేలితో చూపించింది. ఆకాశం ఒకసారి మింగినా రెండోసారి వదులుతుందని. చదివాను. తర్వాత ఆమే పవర్ దించి, ముందువైపు లాగ్‌లో తన చేత్తో రాసింది: 5.46 నుంచి 6.04 వరకు పూర్తి పవర్, కారణం: నిజం చెప్పుటకు.

నవంబరు 22

ఆదివారం. దీవిలో సభ. మేము పాటలు ఆపి డబ్బాకు చెవి ఆనించాం. ఏమీ రాలేదు.

కింద ఊళ్ళో నా ఇంటి ముందు నిలబడి ఒకాయన, "మా పిల్లోళ్ళు నీ కతలు ఇంటా అన్నం తింటాండ్రి గదయ్యా" అన్నాడు. తిట్టడానికే వచ్చాడు. ఆ ఒక్క మాట అనేసి వెళ్ళిపోయాడు.

నవంబరు 23

5.29కి తగ్గించాను. 5.31కి గరగరలోంచి ఒక ఆడగొంతు లేచింది. సన్నగా, కాస్త బొంగురుగా. పన్నెండేళ్ళలో ఆవిడ గొంతును నేను శ్రద్ధగా విన్నది ఈ రోజే.

"హంసలదీవి. దక్షిణప్పాయ తెరిచుంది. మూడు బారల నీళ్ళు. పాత పాయకి రావొద్దు."

మాబున్నక్క ఒళ్ళో చేతులు పెట్టుకుని కళ్ళు మూసుకుంది. నేను, "అక్కా, ఉంచుకున్నారు ఆమెను" అన్నాను. "ఇననీ" అంది.

నా గురించి ఏమైనా అంటుందేమోనని చివరిదాకా విన్నాను. ఏమీ అనలేదు. గుత్తి అన్న మాటే ఆమె నోట రాలేదు.

డిసెంబరు 6

నేను ఇప్పుడు మైకు ముందు కూర్చోవడం లేదు. ఎవరూ తీసెయ్యలేదు. నేనే వద్దన్నాను, మాబున్నక్క సరేనంది. వార్తలు ఆమె చదువుతుంది, తడుముకుంటూ, మధ్యలో దగ్గుతూ. తిప్పన్న ఏమయ్యాడని కొందరు అడిగారట. చచ్చిపోయాడని చెప్పమన్నాను. చెప్పలేదు, నవ్వింది. ఆమె నవ్వినందుకు నాకు ప్రాణం లేచొచ్చింది, వెంటనే ఆ సంతోషానికి సిగ్గేసింది.

నలభై బిందెలూ నేనే పోస్తున్నాను. మొదట రెండు రోజులు ఒప్పుకోలేదు, తర్వాత మోకాలు ఒప్పించింది. తులశమ్మకు ఉత్తరం రాశాను. ఈ పాటికి చేరి ఉండాలి. జవాబు రాలేదు, వస్తుందని రాయలేదు.

సాయంత్రం మీట దగ్గర కూర్చునే పని నాది. 5.25కే తగ్గిస్తున్నాను, నాలుగు నిమిషాలు ముందు. తర్వాత డబ్బా దగ్గర కూర్చుంటాను. ఈ రెండు వారాల్లో ఒక సంగతి గమనించాను. మొదటి రోజు పట్టించుకోలేదు. తులశమ్మ పాయ కబురు ఒకసారి చెప్పి, ఆగి, వందంకెలు లెక్కపెట్టేంత సేపు ఊరుకుని, మళ్ళీ మొత్తం మొదటి నుంచి చెబుతుంది. ఇదివరకు అలా చెప్పేది కాదట. మాబున్నక్క చెప్పింది, మోకాళ్ళు బాగున్నన్నాళ్ళూ సాయంత్రాలు ఇక్కడే ఉండి వినేదట. మామూలు రోజుల్లో ఒక్కసారే చెప్పేదట, వింటారన్న నమ్మకంతో.

గీత ఖాళీగా ఉంది. నేను మీట మీంచి చెయ్యి తీసి కూడా అరగంటైంది. ఆమె రెండోసారి చెబుతోంది.